తప్పు మెయిల్ ఐడీది కాదు

"మెయిల్ వెనక్కొచ్చిందా? మీ ఐడీలో ఏదో పిచ్చి అక్షరం ఉండి ఉంటుంది. చుక్కలు, గీతలు లేకుండా ఇంగ్లీషు అక్షరాలతో, చివర రెండంకెలు తగిలించి కొత్తది తెరుచుకోండి." తెనాలి దగ్గరి కొల్లిపరలో జిరాక్స్ షాపులో అప్లికేషన్లు నింపే కుర్రాడు ఈ మాటే చెబుతాడు. తెనాలి నెట్ సెంటర్లోనూ ఇదే వినిపిస్తుంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు ఫోన్లో నాన్నకు చెప్పేదీ, హెల్ప్‌లైన్లో అమ్మాయి చెప్పేదీ ఇదే. ఇంతమంది ఒకే మాట అంటుంటే ఎవరికైనా అది నిజమనే అనిపిస్తుంది. కానీ నిజం కాదు. ఈమెయిల్ నడిచే నియమాల ప్రకారం చూసినా అది తప్పుడు సలహా. దాన్ని నమ్మి పాత ఐడీ వదులుకున్నవాళ్లకు జరిగే నష్టం చూస్తే, అది అన్యాయమైన సలహా కూడా.

ముందు నియమం సంగతి చూద్దాం. ఎందుకంటే ఆ సలహా అంతా "ఈమెయిల్‌కి ఇంగ్లీషు అక్షరాలూ అంకెలే నియమం" అన్న నమ్మకం మీద నిలబడి ఉంది. ఈమెయిల్‌ను ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కి చేరవేసే పద్ధతిని 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాశాడు. ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రం అది, ఇంటర్నెట్ నియమాలను ప్రచురించే ఆర్‌ఎఫ్‌సీల వరుసలో ఒకటి. ఆ తర్వాత ఆ స్థానంలోకి వచ్చినది 2008 అక్టోబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321. @ గుర్తుకు ఎడమవైపున్న పేరుకు అర్థం చెప్పే హక్కు కుడివైపున్న గమ్యస్థానం సర్వర్‌కు ఒక్కదానికే ఉందని ఆ పత్రం స్పష్టంగా చెబుతుంది. మధ్యలో చేరవేసే సర్వర్ గానీ, ఐడీ అడిగే వెబ్‌సైటు ఫారం గానీ ఆ పేరు బాగుందో లేదో తీర్పు చెప్పకూడదు. అక్షరాలూ అంకెలే కాదు, అండర్‌స్కోర్, హైఫన్, ప్లస్, అపాస్ట్రఫీ, శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, చివరికి ప్రశ్నార్థకం కూడా ఎడమవైపు చెల్లుతాయి. చుక్క కూడా చెల్లుతుంది, మొదట్లోనో చివరనో రాకుండా, రెండు చుక్కలు పక్కపక్కన పడకుండా ఉంటే చాలు.

అలాంటప్పుడు అండర్‌స్కోర్ ఉందనో ప్లస్ ఉందనో ఒక ఫారం "ఇన్‌వాలిడ్ ఈమెయిల్" అని ఎర్రక్షరాల్లో చూపిస్తే, నియమం తప్పింది ఎవరు? ఆ ఫారం రాసిన మనిషి. ఎక్కడో దొరికిన ఒక తనిఖీ ప్రోగ్రాం వరుసను తెచ్చి అతికించి, అది నియమంతో సరిపోతుందో లేదో చూడకుండా వదిలేశాడు. ఆ నిర్లక్ష్యానికి కొల్లిపర పక్కన దావులూరులోనో మున్నంగిలోనో ఉన్న డిగ్రీ విద్యార్థి తన ఐడీ మార్చుకోవాలట. రెండువేల సంవత్సరం తర్వాత నెట్ సెంటర్లు వచ్చిన రోజుల్లో యాహూలోనో రెడిఫ్‌లోనో ఐడీ తెరుచుకున్న వాళ్లలో ఎంతోమంది ఇంటిపేరుకూ పేరుకూ మధ్య అండర్‌స్కోర్ పెట్టుకున్నారు. అప్పుడది మామూలు సంగతి. వాటిలో వాడుకలో ఉన్నవి ఇవాళ్టికీ పనిచేస్తున్నాయి, వాటికి మెయిల్ వస్తూనే ఉంది, పోతూనే ఉంది. కాదంటున్నది ఫారం ఒక్కటే.

ఇక్కడే ఆ సలహాలోని మొదటి గందరగోళం బయటపడుతుంది. ఫారం ఒప్పుకోకపోవడం వేరు, మెయిల్ వెనక్కి రావడం వేరు. ఫారం నిరాకరించినప్పుడు అసలు మెయిల్ బయల్దేరనే లేదు, ఏ సర్వరూ దాన్ని చూడలేదు. మెయిల్ వెనక్కి వచ్చినప్పుడు మాత్రం ఎక్కడో ఒక సర్వర్ దాన్ని చూసి, కాదని, కారణం కూడా రాసి పంపింది. మనవాళ్లు రెంటినీ కలిపి "మెయిల్ పోలేదు" అంటారు, రెంటికీ ఒకే మందు రాస్తారు.

వెనక్కొచ్చిన మెయిల్లో రాసి ఉన్నది ఎవరూ చదవరు. ఇంగ్లీషులో ఉన్న ఆ పొడుగాటి ఉత్తరం చూడగానే భయపడి కొట్టేస్తారు. కానీ జవాబంతా అందులోనే ఉంటుంది, అదీ ఇంగ్లీషు రాకపోయినా చదవగలిగేలా, అంకెల్లో. చుక్కలతో విడదీసిన మూడంకెల కోడ్ ఒకటి అందులో ఉంటుంది. 5.1.1 అని ఉంటే ఆ పేరుతో అక్కడ పెట్టె లేదని. 5.1.2 అంటే @ తర్వాత ఉన్న డొమైన్ పేరు తప్పని. 5.1.3 అంటే ఐడీ రాసిన తీరులోనే లోపముందని. 5.2.2 అంటే అవతలివాళ్ల పెట్టె నిండిపోయిందని. 5.7.1 అంటే పంపడానికి అనుమతి లేదని, అంటే అవతలి సర్వర్ విధానం ఏదో అడ్డుపడిందని. 5.6.7 అంటే ఐడీలో ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు) కాని అక్షరం ఉంది, దాన్ని మోయడానికి ఈ సర్వర్ ఒప్పుకోవడం లేదని. పెట్టె నిండిపోయి 5.2.2 తో మెయిల్ తిరిగొస్తే, "ఐడీలో చుక్కలు తీసేసి కొత్తది తెరవండి" అనడం రోగం చూడకుండా మందివ్వడమే. అయినా రోజూ జరుగుతున్నది అదే. సలహా ఇచ్చేవాళ్లు ఈ ఆరు కోడ్లూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకుంటే, వాళ్ల దగ్గరికి వచ్చే సమస్యల్లో చాలావాటికి అక్కడికక్కడే జవాబు దొరుకుతుంది.

సరే, 5.1.1 గానీ 5.1.3 గానీ వచ్చిందనుకోండి. ఐడీ సరిగ్గానే ఉందని పంపినవాళ్లు ప్రమాణం చేస్తారు. తెరమీద చూస్తే నిజంగానే సరిగ్గా ఉంటుంది. పంపిన అక్షరాల్లో కంటికి కనిపించనిది ఒకటి ఉండవచ్చన్న సంగతి వాళ్లకు తట్టదు. తెలుగువాళ్ల విషయంలో ఇది ఇంగ్లీషులోనే రాసేవాళ్లకంటే ఎక్కువగా జరిగే అవకాశం ఉంది. ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి.

మనం ఫోన్లో గానీ కంప్యూటర్లో గానీ తెలుగు రాసేటప్పుడు కొన్నిచోట్ల ఒత్తు పడకుండా ఆపాలి. "రాజ్‌కుమార్" అని రాయాలంటే జ పొల్లు తర్వాత క మామూలుగా నిలబడాలి. ఆపకపోతే అది "రాజ్కుమార్" అయి కూర్చుంటుంది. అలా ఆపడానికి, అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో ఒక అక్షరముంది. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. దాని సంఖ్య 200సి. మన కీబోర్డులు దాన్ని కొన్నిసార్లు మనం అడగకుండానే చేరుస్తాయి. తెలుగులో నాలుగు వాక్యాలు రాసి, మధ్యలో కీబోర్డు మార్చి మెయిల్ ఐడీ కొట్టి, మళ్లీ తెలుగులోకి వచ్చినప్పుడు ఆ రూపం లేని అక్షరం ఐడీకి అంటుకుపోవచ్చు. ఆ వాక్యం వాట్సాప్‌లో పదిమందికి వెళ్తుంది. అందులోంచి ఐడీ కాపీ చేసినవాళ్లందరికీ ఆ అక్షరం కూడా వెళ్తుంది. వాళ్లు పంపిన మెయిల్ మాత్రం గమ్యం చేరదు.

పీడీఎఫ్ నుంచో వర్డ్ ఫైల్ నుంచో కాపీ చేసినప్పుడు విడిపోని ఖాళీ, కనిపించని హైఫన్, మామూలు హైఫన్‌లాగే ఉండే పొడుగు గీత వస్తాయి. కొన్ని ఫోన్ కీబోర్డులు చుక్క కొట్టగానే తర్వాత ఒక ఖాళీ చేరుస్తాయి. ఐడీ చివర ఖాళీ మిగిలిపోయినా కొన్ని ఫారాలు ఒప్పుకోవు. ఇంగ్లీషు ఓ (o) అక్షరం బదులు తెలుగు సున్న పడితే కంటికి తేడా తెలియడం కష్టం. పైగా తెలుగులోనే గుండ్రంగా ఉండేవి రెండున్నాయి, పూర్ణానుస్వారం ఒకటి, అంకెల్లో సున్న ఇంకొకటి. మనిషి కన్ను రెంటినీ ఒకటిగా చూస్తుంది, యంత్రం రెండుగా చూస్తుంది.

మన అచ్చుపని తెలిసినవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు పత్రికలు చాలాకాలం అనూ ఫాంట్లలోనే తయారయ్యాయి, ఇప్పటికీ కొన్నిచోట్ల అవుతున్నాయి. అనూలో తెరమీద తెలుగు కనిపిస్తుంది గానీ ఫైలు లోపల ఉండేది యూనికోడ్ తెలుగు కాదు, రోమన్ అక్షరాల స్థానాల్లో సర్దిన గుర్తులు. అలాంటి ఫైలు నుంచి ఒక పేరునో ఐడీనో కాపీ చేసి మెయిల్లో పెడితే, అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు ప్రత్యక్షమవుతాయి. తెనాలిలో అచ్చుపని చేసేవాళ్లకి ఇది కొత్త కాదు. పోస్టరు మీద చూసి చేత్తో కొట్టినవాడి మెయిల్ పోతుంది, ఫైలులోంచి కాపీ చేసినవాడి మెయిల్ పోదు. ఇద్దరూ రాసింది ఒకే ఐడీ అని అందరూ అనుకుంటారు.

ఈ కేసులన్నింటిలోనూ ఐడీకి ఏ లోపమూ లేదు. ఐడీ యజమాని ఏ తప్పూ చేయలేదు. తప్పు ఉన్నది కాపీలో. అలాంటప్పుడు యజమానిని కొత్త ఐడీ తెరవమనడం ఎందుకు? కొత్త ఐడీ కూడా అలాగే కాపీ అవుతుంది, దానికీ అదే గతి పడుతుంది. చేయాల్సింది చిన్న పని. ఐడీని చేత్తో, ఒక్కొక్క అక్షరం, ఇంగ్లీషు కీబోర్డులోనే మళ్లీ కొట్టండి. దోషం ఎక్కడుందో చూడాలంటే, కాపీ చేసిన ఐడీ మీద బాణం మీటతో ఒక్కో అడుగూ కదపండి. మీట నొక్కినా కర్సర్ కదలని చోట కనిపించని అక్షరం కూర్చుని ఉండవచ్చు. లేదా అక్షరాలు లెక్కపెట్టే ఏ సదుపాయంలోనైనా అతికించి, మీరు వేళ్లతో లెక్కపెట్టిన దానితో సరిపోల్చండి. ఒకటి ఎక్కువ వస్తే దొంగ దొరికినట్టే. ఈ పని చేయడానికి నిమిషం పట్టదు. ఫారం రాసేవాళ్లు చేయాల్సిన పని ఇంకా చిన్నది. ముందూ వెనకా ఖాళీలను వాళ్ల ప్రోగ్రాం తీసేయాలి. కనిపించని అక్షరం దొరికితే "ఇన్‌వాలిడ్" అని ఊరుకోకుండా ఫలానా చోట ఫలానా అక్షరం ఉందని చూపించాలి. ఆ ఒక్క వాక్యం రాయడానికి బద్ధకించడం వల్ల జనం ఐడీలు మార్చుకుంటున్నారు.

నిజంగానే చెల్లని ఐడీలు లేవని నేను అనడం లేదు. మన దగ్గర పొడి అక్షరాల తర్వాత చుక్క పెట్టే అలవాటుంది. పేరు ముందు రాసి, ఆ తర్వాత కె చుక్క వి చుక్క అని పెట్టి, వెంటనే @ కొడితే, చివర చుక్క పడుతుంది. అది నియమానికి విరుద్ధమే. జపాన్‌లో ఎన్‌టీటీ డొకొమో లాంటి పెద్ద ఫోన్ కంపెనీలే 2009 వరకూ చివర చుక్క, జంట చుక్కలు ఉన్న ఐడీలు ఇచ్చాయి. ఆ ఐడీలకు బయటి సర్వర్ల నుంచి మెయిల్ చేరడంలో ఇబ్బందులు వచ్చాయి. అలాంటిదాన్ని మార్చుకోమని చెప్పడం న్యాయం. కానీ ఆ సలహా ఆ ఒక్క రకానికే వర్తిస్తుంది. దాన్ని పట్టుకుని చుక్క ఉన్న ప్రతి ఐడీనీ అనుమానించడం, అండర్‌స్కోర్‌ను తోసేయడం, చివరికి మన లిపినే తోసేయడం నియమం తెలియక చేస్తున్న పని.

అవును, మన లిపి. అసలు పోట్లాట ఇక్కడే.

తెలుగు అక్షరాలతో మెయిల్ ఐడీ పెట్టుకోవచ్చంటే, ఆ సలహా ఇచ్చేవాళ్లు అది సాధ్యమే కాదంటారు. 1982 నాటి పద్ధతి వాడుకున్న ఏడు బిట్ల ఆస్కీలో ఉన్నవి 128 గుర్తులే, వాటిలో తెలుగు లేదు, నిజమే. కానీ 1992లో వచ్చిన మైమ్ పద్ధతితో ఉత్తరం లోపలా, విషయం వరుసలోనూ మిగతా లిపులకు చోటు దొరికింది. తెలుగులో మెయిల్ రాయడానికి దారి అప్పుడే తెరుచుకుంది. ఐడీ ఒక్కటే మిగిలిపోయింది. ఆ మిగిలినదీ 2012 ఫిబ్రవరిలో తీరింది. ఆర్‌ఎఫ్‌సీ 6530 నుంచి 6533 వరకూ నాలుగు పత్రాలు అప్పుడు వెలువడ్డాయి. ఐడీలో ఏ లిపైనా, యూనికోడ్ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 రూపంలో నేరుగా పంపవచ్చని, పంపే సర్వరూ అందుకునే సర్వరూ ఎస్‌ఎంటీపీయూటీఎఫ్8 అనే సదుపాయం తమకుందని ముందుగా ఒకదానికొకటి చెప్పుకోవాలని వాటి సారాంశం. జీమెయిల్ 2014 ఆగస్టులో అలాంటి ఐడీలకు మెయిల్ పంపడం, వాటి నుంచి అందుకోవడం మొదలుపెట్టింది. ప్రపంచంలో ఎన్నో సర్వర్లు వాడే మెయిల్ ప్రోగ్రాం పోస్ట్‌ఫిక్స్ 2015లో తన మూడో వెర్షన్‌తో దీన్ని చేర్చింది. మన దేశానికి తెలుగు లిపిలో .భారత్ అనే డొమైన్ 2011లోనే వచ్చింది. జైపూర్ కంపెనీ ఒకటి 2016లో డేటామెయిల్ పేరుతో భారతీయ భాషల్లో ఐడీలు ఇచ్చింది. 2017లో రాజస్థాన్ ప్రభుత్వం హిందీ ఐడీలు తెచ్చింది. 2024 మార్చిలో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, దేశ డొమైన్లను చూసే నిక్సీ సంస్థ కలిసి, భారతీయ భాషల్లో ఇంటర్నెట్ కోసం భాషానెట్ పోర్టల్ ప్రారంభించాయి. ఇంత జరిగాక సాధ్యం కాదనే మాటకు చోటెక్కడుంది?

మరి తెలుగు ఐడీకి పంపిన మెయిల్ ఎందుకు వెనక్కొస్తుంది? దారిలో ఏ ఒక్క సర్వరైనా ఆ సదుపాయం లేదంటే చాలు, మెయిల్ అక్కడ ఆగిపోతుంది. డొమైన్ పేరుకైతే ప్యూనీకోడ్ అనే మారుపద్ధతి ఉంది. తెలుగు డొమైన్‌ను ఎక్స్‌ఎన్ అనే గుర్తుతో మొదలయ్యే రోమన్ అక్షరాల వరుసగా మార్చి నడిపిస్తుంది. @కి ఎడమవైపుకి మాత్రం ఆ పద్ధతి లేదు, ఉండకూడదు కూడా. ఆ పేరు గమ్యస్థానం సొంతం కాబట్టి మధ్యవాళ్లు దాన్ని మార్చడానికి వీల్లేదు. 2012 ప్రమాణానికి ముందు దారిలోనే ఐడీని ఆస్కీలోకి దించి పంపే పద్ధతిని ప్రయోగంగా పెట్టి చూశారు. చివరి ప్రమాణంలో దాన్ని తీసేశారు. కాబట్టి 5.6.7 తో మెయిల్ తిరిగొస్తే దానికి ఒకటే అర్థం. 2012 నాటి ప్రమాణాన్ని అమలు చేయని సర్వర్ ఒకటి దారిలో ఉంది. బాగుచేయాల్సింది దాన్ని. ఆ యంత్రం నడిపేవాళ్లు తమ పని చేయకపోతే, తెలుగు రాసినవాడి మీద తప్పు తోయడం ఎక్కడి న్యాయం?

పోస్టాఫీసు చూడండి. కార్డు మీద "కొల్లిపర, తెనాలి తాలూకా" అని తెలుగులో రాస్తే ఉత్తరం కొల్లిపర చేరేది, ఇప్పటికీ చేరుతుంది. 1972లో పిన్‌కోడ్ వచ్చినప్పుడు దారి చూపడానికి ఆరంకెలు చేర్చారు గానీ, ఊరి పేరు ఇంగ్లీషులోనే రాయాలని ఎవరూ శాసించలేదు. లిపి చదవలేని చోట చదవగలిగిన మనిషిని పెట్టారు. వందేళ్లకు పైబడిన ఒక శాఖ చేయగలిగిన పనిని ఇవాళ్టి యంత్రాలు చేయలేవని నమ్మమంటే ఎలా నమ్మాలి?

"అసలు తెలుగులో ఐడీ ఎవరికి కావాలి?" అన్న ప్రశ్న వస్తుంది. దీనికి జవాబు కృష్ణ ఒడ్డున ఈ పల్లెల్లోనే ఉంది. పసుపు, అరటి, కంద పండించి, పసుపును దుగ్గిరాల యార్డుకు తోలే రైతుకు తెలుగు చదవడం వచ్చు, రాయడం వచ్చు. ఆయన పేరు తెలుగులో ఒకే తీరున రాస్తారు. ఇంగ్లీషులో రాయమంటే ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్‌లో ఒకలా, పిల్లల సర్టిఫికెట్లలో ఇంకోలా ఉంటుంది. లక్ష్మి అన్న పేరులో ఎక్స్ పెట్టాలా, కె-ఎస్-హెచ్ పెట్టాలా? చౌదరిలో డబ్ల్యూ ఉందా, యూ ఉందా? ఫోన్లో ఐడీ చెప్పేటప్పుడు ఒక అక్షరం అటూఇటూ అయితే, ఆ ఐడీ ఇంకెవరిదో అయి ఉంటే, మెయిల్ వెనక్కి కూడా రాదు. పరాయివాళ్ల పెట్టెలో పడుతుంది. అందులో బ్యాంకు వివరాలుండవచ్చు, ఆస్పత్రి రిపోర్టు ఉండవచ్చు. వెనక్కొచ్చే మెయిల్ కంటే వెనక్కి రాని ఈ మెయిల్ ఎంతో ప్రమాదం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. వాళ్లందరికీ కావాలని నేను చెప్పను. కావాలన్నవాళ్లకు కాదనే హక్కు ఎవరికీ లేదని చెబుతున్నాను.

కొంచెం బరువున్న వాదన ఒకటుంది, భద్రత. లిపులు కలిపితే మోసగాళ్లకు దారి తెరిచినట్టే అంటారు. 2017 ఏప్రిల్లో ఒక పరిశోధకుడు సిరిలిక్ అక్షరాలతో ఆపిల్ కంపెనీ పేరులాగే కనిపించే డొమైన్ తీసి, కొన్ని బ్రౌజర్లు దాన్ని గుర్తుపట్టలేవని నిరూపించాడు. నిజం. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా. క్రోమ్ తన 58వ వెర్షన్‌లో ఆ దారి మూసేసింది. జీమెయిల్ అయితే 2014 ఆగస్టులోనే, లిపులను అనుమానం కలిగేలా కలిపిన ఐడీలను ఆపేందుకు యూనికోడ్ సంస్థ రాసిన కట్టుబాటును అమలుపెట్టింది. డొమైన్ల విషయంలో తెలుగుకు ప్రత్యేకంగా అక్షర నియమాలు తయారయ్యాయి. మన దేశ లిపుల నిపుణులు కూర్చుని, తెలుగులోనూ కన్నడలోనూ ఒకేలా ఉండే అక్షరాలను జత చేసి, ఒకదాని మాటున ఇంకొకటి మోసం చేయకుండా కట్టడి చేశారు. 2019 జులైలో అవి రూట్ జోన్, అంటే డొమైన్ల మూలపట్టిక, నియమాల్లో చేరాయి. ప్రమాదం ఉంది కాబట్టి జాగ్రత్త రాశారు. లిపిని నిషేధించలేదు. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో మోసం లేదా? చిన్న ఎల్, పెద్ద ఐ, ఒకటి అంకె ఒక వరుసలో పెట్టండి. ఆర్, ఎన్ పక్కపక్కన రాసి ఎమ్‌తో పోల్చండి. మోసపు మెయిళ్లు అచ్చమైన ఆస్కీలోనే ఎన్నో వస్తున్నాయి. వాటిని చూసి ఇంగ్లీషును నిషేధించమని ఎవరూ అడగలేదు.

ప్రమాణంలో నిజమైన లోపాలు ఉన్నాయి, వాటిని దాచడం నా పని కాదు. @కి ఎడమవైపు 64 బైట్ల పరిమితి 1982 నుంచీ ఉంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు కావాలి. "కొల్లిపర" అన్న పేరులో కంటికి నాలుగక్షరాలే ఉన్నా, ఒత్తులు, గుణింతాలు విడదీస్తే ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. ఉదాహరణకు "కొల్లిపర.పసుపురైతులసంఘం" అని ఐడీ పెట్టాలంటే 67 బైట్లవుతుంది, పరిమితి దాటిపోతుంది. అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో 30 బైట్లలో సరిపోతుంది. ఇది మన లిపికి జరిగిన అసలైన అన్యాయం, దీన్ని సరిచేయమని అడగాలి. ఇంకొకటి, "రైతు"లో ఉన్న ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ నిల్వ చేయవచ్చు, ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగానూ నిల్వ చేయవచ్చు. తెరమీద రెండూ ఒకటే. యంత్రం పోల్చే ముందు రెంటినీ ఒకే రూపానికి తేవాలి, దానికి యూనికోడ్‌లో ఎన్‌ఎఫ్‌సీ అనే పద్ధతి ఉంది, ప్రమాణం దాన్ని వాడమంటోంది. వాడని ప్రోగ్రాంలో శైలజ పేరుతో ఉన్న పెట్టెకు శైలజ పేరుతోనే మెయిల్ పంపినా 5.1.1 రావచ్చు. ఇవన్నీ ఇంజినీర్లు తేల్చాల్సిన పనులు. వాడుకునేవాళ్ల నెత్తిన రుద్దాల్సినవి కావు.

కొత్త ఐడీ తెరవమనేవాళ్లు ఆ తర్వాత ఏమవుతుందో చూడరు. మెయిల్ ఐడీ అంటే ఉత్తరాల పెట్టె ఒక్కటే కాదు. బ్యాంకు ఖాతాకు అదే, పీఎఫ్‌కు అదే, పాస్‌పోర్టు అప్లికేషన్‌కు అదే, పిల్లల కాలేజీకి అదే. పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి తెచ్చుకునే దారి కూడా అదే. కొత్తది తెరిచిన రోజు నుంచి పాతదాన్ని చూడటం తగ్గుతుంది. కొన్నాళ్లకు దాని పాస్‌వర్డ్ పోతుంది. ఎక్కువకాలం తెరవని ఖాతాలను కంపెనీలు మూసేస్తాయి కూడా. అప్పుడు అమెరికాలో ఉన్న కూతురు పంపిన కాగితమో, పాలసీ గడువు నోటీసో ఎక్కడికి వెళ్లిందో తెలియదు. ఒక ఫారంలో ఎర్రగీత పోవడానికి ఇరవై చోట్ల వివరాలు మార్చుకోవాలి, ఆ మార్పుకి మళ్లీ ఓటీపీ పాత ఐడీకే వస్తుంది. ఈ తిప్పలన్నీ పెద్దవాళ్లకే ఎక్కువ. షాపులో ఆ పది నిమిషాల పని చేసినవాళ్లు తర్వాత వచ్చే ఈ తిప్పలకు బాధ్యులుగా కనిపించరు.

కాబట్టి మీ ఐడీ నియమం ప్రకారం సరైనదైతే దాన్ని వదలకండి. ఫారం ఒప్పుకోకపోతే, ఆ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ఎర్రక్షరాల తెరను ఫొటో తీసి జతచేయండి. మెయిల్ వెనక్కొస్తే అందులోని మూడంకెల కోడ్ రాసిపెట్టుకుని దాన్ని బట్టి అడగండి. తెలుగు ఐడీ పెట్టుకున్నవాళ్లు ప్రస్తుతానికి దానికి జోడుగా ఒక ఇంగ్లీషు ఐడీ కూడా ఉంచుకోండి. రెంటికీ వచ్చిన మెయిల్ ఒకే పెట్టెలో పడేలా చేసుకోవచ్చు. అది ఓడిపోవడం కాదు, సర్వర్లు బాగుపడేదాకా దారి తెరిచి ఉంచడం.

మిగిలిన మాట మన పిల్లలకు. అత్తోట, మున్నంగి, తుములూరు, దావులూరు, వల్లభాపురం నుంచి, తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల నుంచి వెళ్లి హైదరాబాదులో, బెంగళూరులో, డల్లాస్‌లో ప్రోగ్రాంలు రాస్తున్నవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. ఐడీని తనిఖీ చేసే ఆ వరుస రాసేది మీలాంటివాళ్లే. ఈ వారం మీ పనిలో ఆ వరుస ఎక్కడుందో వెతకండి. @ ఉందో లేదో, కుడివైపు డొమైన్ నిజంగా ఉందో లేదో చూడండి. ఎడమవైపును గమ్యస్థానం సర్వర్‌కు వదిలేయండి. ముందూ వెనకా ఖాళీలు తీసేయండి. మీ మెయిల్ సర్వర్‌లో ఎస్‌ఎంటీపీయూటీఎఫ్8 మూసి ఉంటే తెరిపించండి. తర్వాత మీ అమ్మానాన్నల పాత ఐడీతో, అండర్‌స్కోర్ ఉన్నదానితో, తెలుగులో ఉన్నదానితో, మీరు రాసిన ఫారాన్ని మీరే ఒకసారి నింపి చూడండి.